ఆఖరి బంతి లేచేదాకా

మేస్త్రి పెళ్లిళ్లకు వంట చేసే మనిషి. ఊళ్లో అందరూ అతన్ని గాడిపొయ్యి అంటారు. ఎవరింట పెళ్లన్నా అందరికంటే ముందు వెళ్లి, పెరట్లో పొడుగ్గా గాడి తవ్వి, దాని మీద వరసగా గుండిగలెక్కించేది అతనే గనక ఆ పేరు. నల్లగా, పొడుగ్గా, లోపలెప్పుడూ ఏదో రగులుతున్నట్టుంటాడు గనక కూడా. ఒకసారి అలిగి పక్కవీధిలో ముసుగుతన్ని పడుకున్న పెళ్లికొడుకు మేనమామ, ఇతని చారు వాసనకి నిద్రలోనే నడుచుకుంటూ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడంటారు. అంటారంటే, అతనే అంటాడు. మెలకువ వచ్చి చూసుకునేసరికి ఆ మేనమామ మారు అన్నం కలుపుకుంటున్నాడట. ఇక అలగడానికి మొహం చెల్లలేదట.

అలాంటివాడు సముద్రాలు దాటి చెల్లెలింటికి వచ్చి, పొద్దున్నే వంటింట్లో కూర్చుని, ఒక గిన్నెడు గంజి చేతిలో ఓడిపోయి ఉన్నాడు.

గంజి పెట్టింది అతను. తాగాల్సింది చెల్లెలు. ఆమె చెంచా ముంచింది, పెదాల దాకా తెచ్చింది, మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

"తుప్పు," అంది.

"గంజి తుప్పు పట్టడమేమిటే?"

"గంజే కాదు, మంచినీళ్లూ తుప్పే. నిన్న నువ్వు పెట్టిన చారూ తుప్పే. నా నాలిక మీద ఎవరో పాత మేకు పెట్టి మరిచిపోయారు అన్నయ్యా."

ఆమె జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. దానికి వేసే మందు పేరూ పలకరు. ఆ మందు జబ్బుని కొడుతుందట గానీ, జబ్బుని కొట్టేముందు నాలికని కొట్టింది. మనిషి సగమైపోయింది. బట్టలకు కొలతలు సరిచేసే దుకాణంలో ఆమెది కుట్టుపని. ఊరందరి బట్టలూ వదులు చేసిచ్చిన చేత్తోనే ఇప్పుడు తన జాకెట్లు తనే బిగువు చేసుకుంటోంది, అది కూడా మేస్త్రి చూడకుండా. అతను చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు.

రేపు పొద్దున ఆస్పత్రిలో ఆమెను కాటా ఎక్కిస్తారు. డాక్టరు మర్యాదస్తుడు. బరువు ఇంకా దిగితే ఒళ్లు తట్టుకోదు గనక మందు ఎక్కించనని చెప్పాడు. ఎక్కించకపోతే ఏమవుతుందని ఆమె మొగుడు, మేస్త్రికి బావ, అడిగితే కలానికి మూత పెట్టుకున్నాడట.

"పోనీ నీ చీర అంచులో గులకరాళ్లు పెట్టి కుట్టేసుకో," అన్నాడు మేస్త్రి. "కుట్టుపని నీకెలాగూ వచ్చు."

"మందు కొలిచేది ఆ బరువుని బట్టేనయ్యా మహానుభావా. రాళ్లక్కూడా కలిపి ఎక్కించారనుకో, రాళ్లు మిగుల్తాయి, నేను మిగలను."

ఆమె గిన్నె పక్కకి జరిపి లేచింది. మేస్త్రి ఆ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ఆమె ఎంతో కొంత మింగేది. నాలుగు చెంచాలైనా సరే లోపలికి పోయేవి. ఇవాళ ఒక్క చుక్క పోలేదు.

ఆమె మింగకపోవడం ఒక దెబ్బైతే, దాని వెనకే ఇంకో దెబ్బ ఉంది. అది ఆమెకి తెలియదు.

మేస్త్రికి వంట నేర్పిన గురువు గరిటె చేతికిస్తూ ఒకటే మాట చెప్పాడు: ఆఖరి బంతి లేచేదాకా వంటవాడు మెతుకు ముట్టకూడదు, ముడితే చేతిలో రుచి చస్తుంది. గురువు చచ్చిపోయాడు, మాట చావలేదు. ఎన్ని పెళ్లిళ్లు చేసినా, చివరి ముసలాయన చివరి మజ్జిగన్నం తిని, చెయ్యి కడుక్కుని, పళ్లు కుట్టుకుంటూ అరుగెక్కాకే మేస్త్రి విస్తరి వేసుకునేవాడు. చెల్లెలింట్లో వంటకి దిగిన రోజునుంచీ ఆఖరి బంతంటే చెల్లెలొక్కతే. ఆమె నాలుగు చెంచాలు మింగి లేస్తే బంతి లేచినట్టే లెక్కేసుకుని తను తినేవాడు. ఇవాళ బంతి కూర్చోనూ లేదు, లేవనూ లేదు.

ఇంతలో అలవాటు కొద్దీ జేబులోంచి షుగరు మాత్ర తీసి గుటుక్కున మింగేశాడు. లడ్డూలు చుట్టేవాడికి షుగరంటే జనం విరగబడి నవ్వుతారని ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ప్రయాణమప్పుడు ఆవిడ మాత్రల అట్టలు పెట్లో సర్దుతూ, "మాత్ర వేసుకున్నాక తినకుండా ఉన్నావంటే నువ్వు నువ్వుగా ఉండవు. పరాయిదేశంలో నిన్ను పోల్చుకునేవాళ్లు కూడా ఉండరు," అని మరీమరీ చెప్పింది.

"అన్నయ్యా, గంజి మిగిలింది, తాగరాదూ," అంది చెల్లెలు.

"తరవాత. ముందు బజారుకి పోదాం పద. నీ నాలికకి నచ్చేది ఈ దేశంలో ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. దాని జాడ పట్టుకుంటే వండటం నాకొదిలేయ్."

బావ బస్సు నడుపుతాడు. అప్పటికే ఖాకీ చొక్కా తొడుక్కుని, తిండి డబ్బా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బావా, ఇవాళ ఎలాగైనా..." అని ఆగాడు. ముడేసి ఉన్న బూటు తాడునే వంగి మళ్లీ ముడేసుకుని వెళ్లిపోయాడు.

బజారు పెద్ద రేకుల షెడ్డు. లోపల వీధులకి వీధులే ఉన్నాయి. ఒక వీధంతా ఆకుకూరలు, ఒక వీధంతా చేపలు, ఒక వీధంతా రొట్టెలు. నేల తడి తడిగా ఉంది. రేకుల కింద పావురాలు తిరుగుతున్నాయి. అమ్మేవాళ్లందరూ ఒకేసారి అరుస్తున్నారు గానీ ఒక్క ముక్క అర్థం కాదు. అదే మేస్త్రికి నచ్చింది. "తిట్టినా పొగిడినా ఒకటే. ఇంత ప్రశాంతత మనూళ్లో ఎక్కడిదే?" అన్నాడు.

వంకాయలు కొత్త బూట్లలా మెరుస్తున్నాయి. మేస్త్రి ఒకటి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిప్పి తొడిమె వైపు చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. అమ్మే ఆవిడ నడుం మీద చేతులేసుకుని చూస్తోంది.

"ఏమంటుంది?" అంది చెల్లెలు.

"ఏమీ అనదు. వాసన లేని వంకాయ, మంత్రం రాని పురోహితుడు. నిగనిగలాడుతూ పీట మీద కూర్చోడానికే పనికొస్తాయి రెండూ."

చెల్లెలు నవ్వలేదు. నవ్వబోయిన జాడ ఒకటి మొహం మీదకి వచ్చి, కూర్చోడానికి చోటు లేనట్టు వెళ్లిపోయింది.

నిమ్మకాయలమ్మే అతను ఒక పండు కోసి బద్ద ఇచ్చాడు. ఆమె నాలిక చివర తాకించింది. కళ్లు మూసుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి. పులుపన్నది మొండిది, ఎంత తుప్పునైనా వదలగొడుతుంది, చింతపండుతో తోమితే ఇత్తడి బిందె తళతళలాడదా అనుకున్నాడు మేస్త్రి.

"చెప్పవే."

"పుల్లటి తుప్పు," అంది.

ఊరగాయల కొట్టతను చెక్కపుల్లకి ముక్క గుచ్చి ఇచ్చాడు. ఆమె నమిలింది. బాగుందన్నట్టు తలాడించింది. మేస్త్రి పొంగిపోయి సీసా ఒకటి కట్టించేలోగా ఆమె మొహం పక్కకి తిప్పుకుని, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలు మడిచి సంచీలో పడేసింది. మేస్త్రి చూశాడు. చూసి, రేకుల కింది పావురాల్ని తదేకంగా చూడటం మొదలుపెట్టాడు.

"నువ్వూ రుచి చూడన్నయ్యా. నా కోసం కాదు, నీ కోసం," అంది ప్రతి కొట్టు దగ్గరా.

"నేను తరవాత."

"తరవాతా తరవాతా అని నా పెళ్లిలో మర్నాడు పొద్దున అడుగంటిన అన్నం తిన్నావు. ఇక్కడ నీకు గరిటె ఇచ్చిందెవరు? సంభావన ఇచ్చేదెవరు? చుట్టపుచూపుగా వచ్చావు. ఒక్క పూటైనా నేను వండి పెట్టలేదు. కనీసం నేను కొనిపెట్టింది తిను."

"నువ్వు ఒక్క ముద్ద మింగు. నేను బండెడు తింటాను."

"ఇదెక్కడి బేరమయ్యా," అంది ఆమె. గొంతులో జీవం లేదు.

వేపుళ్ల కొట్టు మలుపు తిరగ్గానే నూనె వాసన గుప్పున కొట్టింది. ఆమె సంచీ వదిలేసి షెడ్డు పక్కనున్న కాలవ దగ్గరికి పరుగెత్తింది. కడుపులో ఏమీ లేదు. ఏమీ లేనిదాన్నే కక్కింది. మేస్త్రి ఆమె వీపు మీద చెయ్యేశాడు. చేతికింద ఎముకలు మునక్కాడ గణుపుల్లా తగిలాయి. చిన్నప్పుడు ఈ పిల్లని ఇదే చేత్తో ఎత్తి తిరగలి మీద కూర్చోబెట్టేవాడు. అప్పుడే బరువుగా ఉండేది.

ఆ చెయ్యి వణుకుతోందని అప్పుడు గమనించాడు. ఆమె వీపు వణుకుతోందేమో అనుకున్నాడు ముందు. కాదు, వణుకుతున్నది తన చెయ్యే. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఇంత చల్లటి ఊళ్లో చెమటేమిటి? విమానపు అలసట ఇంకా తీరలేదు కాబోలు అని సరిపెట్టుకున్నాడు. భార్య మాట లోపలెక్కడో తలుపు కొట్టింది. ఇప్పుడు కాదులే, ఆఖరి బంతి లేవనీ, అని దానికి సమాధానం చెప్పుకున్నాడు.

షెడ్డు చివర తినేచోటు ఉంది. పొడుగాటి బల్లలు, వరసగా కూర్చుని తింటున్న జనం, వాళ్లకెదురుగా లావుపాటి ఒకావిడ పెద్ద డేగిశాలో ఏదో చారులాంటిది కాస్తోంది. చెల్లెలు ఒక గిన్నె పోయించుకుంది. దాని ముందు కూర్చుంది. ఆవిరి తగ్గేదాకా చూసింది. తగ్గాకా చూసింది.

మేస్త్రికి ఆ బల్లలు పొడుగ్గా, ఇంకా పొడుగ్గా సాగిపోతున్నట్టు కనిపించాయి. ఇంతమంది కూర్చున్నారు, వడ్డించేవాళ్లేరీ? కూరేదీ? ఇంకా నెయ్యి కూడా రాలేదు.

లేచి, లావుపాటావిడ చేతిలో గరిటె అందుకున్నాడు.

"అడుగంటుతోంది, కదపండ్రా. రెండో గుండిగ దించండి. అవతల మగపెళ్లివారు కూర్చుంటే ఇవతల దిక్కులు చూస్తారేం?" అని గదమాయించాడు. ఎవరో పెద్దమనిషి గిన్నెలోకి గరిటెడు అదనంగా ఒంపి, "కానివ్వండి బావగారూ, మొహమాటపడకండి," అన్నాడు. ఆ పెద్దమనిషి చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

చెల్లెలు నవ్వింది. నెలల తరవాత వచ్చిన నవ్వు అది, కడుపు పట్టుకుని నవ్వింది. తనని నవ్వించాలని అన్నయ్య కట్టిన వేషమే అనుకుంది. గాడిపొయ్యికి వేషాలు కొత్తా? నవ్వుతూనే అతని చొక్కా వైపు చూసింది. నీళ్లలో ముంచి తీసినట్టుంది. కళ్లు ఆమె మీద నుంచే వెళ్తున్నాయి గానీ ఆమెని చూడటం లేదు.

"అన్నయ్యా."

"నెయ్యి తెమ్మన్నానా," అన్నాడు ఆమెతో, ఎవరో పనిమనిషితో అన్నట్టు. గరిటె చేతిలోంచి జారింది. డేగిశా పక్కన కూలబడ్డాడు.

ఆమె జేబులు తడిమింది. మాత్రల అట్ట చేతికొచ్చింది. ఆ అట్ట ఆమెకు తెలుసు. దుకాణంలో పక్క మిషనావిడ అవే వేసుకుంటుంది. ఒకరోజు తినకుండా వేసుకుని మిషను మీద వాలిపోతే తీపినీళ్లు పట్టి లేపింది చెల్లెలే. ఆమె లావుపాటావిడతో ఏదో గట్టిగా అంది. ఆవిడ గ్లాసులో గుప్పెడు పంచదార పోసి, నీళ్లు కలిపి పరుగున తెచ్చింది.

"తాగు."

మేస్త్రి పళ్లు బిగించాడు. "ఆఖరి బంతి లేవలేదు," అన్నాడు పళ్ల సందులోంచి.

"లేచింది. అందరూ లేచారు. తాగు."

"అబద్ధం. ఒక విస్తరి అలాగే ఉంది. అన్నం కలపనే లేదు." వేలు కష్టంగా ఎత్తి, బల్ల మీద ఆమె వదిలేసిన గిన్నెని చూపించాడు.

ఆమె చెంప మీద కొట్టింది. దవడ పట్టుకుని లాగింది. పెళ్లి పీటల మీద కూడా ఏడవని మనిషి, చుట్టూ పరాయి జనం చూస్తుండగా ఏడుస్తూ లాగింది. ఆ దవడ గాడిపొయ్యి రాయిలా కదలలేదు. అతని పెదాలు తెల్లబడుతున్నాయి.

అప్పుడామె ఆ గ్లాసు తన నోటికే పెట్టుకుంది. తుప్పు. తియ్యటి, జిగట తుప్పు. గుటక వేసింది. గొంతు అడ్డం తిరిగింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ గుటక వేసింది.

"చూశావా? తింటున్నాను. విస్తరి కలిపాను."

"గుటక వినపడలేదు," అన్నాడు మగతలో.

వినపడేలా మింగింది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా, గ్లాసు అడుగు కనిపించేదాకా మింగింది. లావుపాటావిడకి ఈ అన్నాచెల్లెళ్ల గొడవ ఏమర్థమైందో గానీ, అడక్కుండానే రెండో గ్లాసు కలిపి తెచ్చింది.

"బంతి లేచింది అన్నయ్యా. అందరూ చేతులు కడుక్కున్నారు. ఇక నీ వంతు."

దవడ వదులైంది. రెండో గ్లాసు కొంత చొక్కా మీద, ఎక్కువ లోపలికి పోయింది. కాసేపటికి అతని కళ్లు ఆమెని వెతుక్కుని, ఆమె మీద ఆగాయి. రేకులు, పావురాలు, చుట్టూ మూగిన జనం ఒక్కొక్కటే వాటి వాటి చోట్లకి వచ్చాయి.

"గరిటె ఏదే?" అన్నాడు.

"నోర్మూయ్," అంది చెల్లెలు.

మేస్త్రి గ్లాసులకేసి చూశాడు. రెండూ ఖాళీ. తను తాగింది ఒకటే అని నోటికి తెలుస్తోంది. మొహం వెలిగింది. "ఏమే, తాగావా నువ్వు?"

ఆ వెలుగు చూసేసరికి ఆమెకి ఒళ్లు మండింది.

"తాగాను. నువ్వు చస్తావని తాగాను. రేపేం చేస్తావు? బావ బస్సు కింద పడుకుంటావా? ఎల్లుండి?"

"నేను కావాలని చెయ్యలేదే."

"కావాలని చెయ్యవు. మీరెవరూ కావాలని చెయ్యరు. ఆయన డబ్బా తీసుకెళ్తాడు, అలాగే తెస్తాడు. నువ్వు మాత్ర మింగి పస్తుంటావు. చెంచా ఎత్తితే చాలు, ఇద్దరూ నా గొంతుకేసి చూస్తారు, పిల్లి ఎలక కన్నంకేసి చూసినట్టు. దిగిందా, దిగిందా అని. ముద్ద మింగడమే నాకు గండం, దాని మీద మీరిద్దరూ ఎక్కి కూర్చుంటే ఎలా దిగుతుంది? నా ఒక్కదాని కడుపులోనే ముగ్గురి కడుపులు పెట్టారు. నేను మొయ్యలేను అన్నయ్యా."

జీవితమంతా మేస్త్రి చేసిన పని అదే. పందిరి గుంజ పక్కన నిలబడి, తినేవాళ్ల మొహాలకేసి చూడటం. మొదటి ముద్దకి కనుబొమ లేస్తే తను నిండేవాడు. ఆ చూపు ఒకరికి బరువవుతుందని ఏ పెళ్లిలోనూ ఎవరూ చెప్పలేదు. తిని వెళ్లిపోయేవాళ్లు ఎందుకు చెప్తారు?

"ఏం చెయ్యమంటావు చెప్పు," అన్నాడు చివరికి. "ఏది చెయ్యమంటే అది చేస్తాను. చేతగాక అడుగుతున్నాను."

"తిను. నా కంటే ముందు. అటు తిరిగి."

"అటంటే?"

"నాకు వీపు పెట్టి. తిరిగి చూశావంటే ఇక్కణ్ణుంచే విమానమెక్కిస్తాను."

"నువ్వు తింటావా మరి?"

"అదిగో. అదే అడక్కూడదు."

లావుపాటావిడ రెండు గిన్నెల చారు, రెండు రొట్టెలు పెట్టింది. మేస్త్రి తన గిన్నె తీసుకుని బల్లకి ఇటువైపు, గోడకేసి కూర్చున్నాడు. వెనక చెల్లెలు కూర్చున్న చప్పుడైంది. ఆ తరవాత ఏమీ లేదు.

రొట్టె తుంచాడు. చెయ్యి నోటి దాకా వచ్చి ఆగింది. గరిటె పట్టినప్పటినుంచీ ఒక్కసారి కూడా దాటని గీత ఇది. వెనక బంతి లేవలేదు. దేవుడా, ఈ చేతిలో రుచి చస్తే చావనీ, అనుకుని నోట్లో పెట్టుకున్నాడు. రుచి తెలియలేదు. వేడి ఒక్కటే తెలిసింది. దుఃఖం అడ్డం పడి అదీ దిగలేదు. నమిలాడు. నమలడం ఇంత కష్టమా అనుకున్నాడు. చెల్లెలు ఇన్నాళ్లూ రోజూ చేస్తున్న పని ఇది.

చెవులు రెండూ వెనక్కి తిరిగే ఉన్నాయి. చెంచా గిన్నెకి తగిలినట్టయింది. పక్క బల్ల చెంచానేమో. ఎవరో దగ్గారు. ఆమేనా? మెడ నరాలు తీగల్లా లాగుతున్నాయి. గోడ మీద పెచ్చు ఊడిన చోట కళ్లు పాతి కూర్చున్నాడు.

ఆమె సంచీలో ఫోను మోగింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను అతని పక్కన పెట్టి వెళ్లింది. బావ.

"బావా, బస్సు ఆపి చేస్తున్నా. ఏమైనా తిందా?"

"తెలియదు బావా."

"తెలియకపోవడమేంటి? పక్కన లేదూ?"

"వెనకుంది. చూడొద్దంది. నేను మాత్రం తింటున్నాను. నువ్వూ తిను. ఆ డబ్బా విప్పు. మనం తినకపోతే ఆ బరువంతా దాని గొంతులోనే పడుతోందట."

అవతల డబ్బా మూత ఊడిన చప్పుడైంది.

"చల్లారిపోయింది," అన్నాడు బావ.

"చల్లారినా తిను. రేపు కాటా ఎంత చూపిస్తే అంత. ఇవాళ్టికి నమలడమే మన పని."

ఫోను పెట్టేశాడు. గిన్నె సగం చేశాడు. బల్లలు తుడిచే ముసలాయన ఒకడు తోపుడుబండి తోసుకుంటూ వెనకనుంచి వచ్చి, తినడం అయిపోయిన చోటల్లా గిన్నెలెత్తి బండి మీద పేరుస్తున్నాడు. మేస్త్రి వెనకున్న బల్ల దగ్గరా ఆ ముసలాయన ఆగాడు. ఒక గిన్నె ఎత్తిన చప్పుడైంది. బండి మేస్త్రి పక్కనుంచే మెల్లగా కదిలింది.

పైవరస గిన్నెలు కనిపిస్తున్నాయి. కొన్ని నాకేసినట్టున్నాయి. కొన్నింట్లో సగం ఉంది. ఒకదాంట్లో చారు నిండుగా, మీగడ కట్టి, రొట్టె తడిసి తేలుతోంది. అన్నీ ఒకే రకం గిన్నెలు. ఏది ఆమెదో అడుగుదామని మేస్త్రి నోరు తెరవబోయాడు. నోట్లో ముద్ద ఉంది. ముందు దాన్ని మింగాడు.